చాలు అన్న మాట

“చాలు,” అన్నాడు రామ్‌కిషన్, చాయ్ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టి.

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకే సోయి రాలేదు. చాయ్ పోస్తున్న పెద్దకోడలు రోజా చేతిలో గిన్నె ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దకొడుకు వెంకట్ తల దించుకున్నాడు. గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న చిన్నకొడుకు విష్ణువర్ధన్ మాత్రం తల ఎత్తాడు.

“ఏం చాలు బాపూ? పొయ్యమంటవా, ఆపమంటవా? వదినెకు జర ఖుల్లా చెప్పు. లేకుంటే ఇల్లంత చాయ్ అయితది.”

ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట నోట తేకూడదని ఆదివారం నాడు హుకుం వేసింది రామ్‌కిషనే. అప్పటి నుంచి కంచాల ముందు అందరూ మూగవాళ్లయ్యారు. అన్నం ఎక్కువైతే చెయ్యి అడ్డం పెట్టడం, పప్పు వద్దంటే తల ఊపడం. హుకుం వేసిన పెద్దమనిషే పొద్దున్నే దాన్ని తప్పాడు.

“ఊకోరా,” అన్నాడు రామ్‌కిషన్. కానీ ఆ గొంతులో ఊకోబెట్టే బలం లేదు.

జహీరాబాదులో ఈ మాటకు రెండు ప్రాణాలు. కంచం ముందు అంటే ఇక వద్దని. మోటారు ముందు అంటే నడిపించమని. ‘బోరు చాలు చెయ్యి’ అంటే ఊళ్లో ఏ పిల్లవాడైనా పోయి బటన్ నొక్కుతాడు. బంతిలో కూర్చున్నవాడు చాలు అంటే వడ్డించేవాడు ముందుకు పోతాడు. ఏది ఎక్కడిదో చెవే తేల్చుకుంటుంది. దానివల్ల ఇన్నేళ్లలో ఎవరికీ చిల్లికాసు నష్టం రాలేదు. ఆదివారం నాడు ఒక ఇంజన్ పోయింది.

అది అట్లాంటిట్లాంటి ఇంజన్ కాదు. పాత ఇనుముకు పోవలసిన బుల్లి కారును అన్నదమ్ములు తెచ్చి, రెండు వానాకాలాలు షెడ్డులో పెట్టుకుని, గుండెకాయ మార్చి, టర్బో తగిలించి, వెడల్పు టైర్లు వేశారు. వచ్చే నెల బెంగళూరు దిక్కు ఒక ఎయిర్‌స్ట్రిప్ మీద పావుమైలు పోటీ. నడిపేది విష్ణు, కట్టింది వెంకట్. మేత ఎక్కువ, పని తక్కువ అని రామ్‌కిషన్ దానికి కోడె అని పేరు పెట్టాడు. వెక్కిరింతకు పెట్టిన పేరు ముద్దుపేరై కూర్చుంది.

ఆదివారం దాన్ని మొదటిసారి గట్టిగా రేస్ చేసి చూశారు. స్టీరింగు ముందు వెంకట్. వెనక సైలెన్సర్ దగ్గర ఫోనులో వీడియో తీస్తూ విష్ణు. బానెట్ ఊడదీసిన ఇంజన్ పక్కన, ఆయిల్ ప్రెషర్ మీటరు మీద కళ్లు పెట్టి రోజా. ముల్లు ఎర్రగీత కిందికి జారింది. రోజా అరిచింది. అరిచిన మాట ‘చాలు’. వెంకట్ ఆపలేదు, ఇంకా తొక్కాడు. లోపల రాడ్ విరిగి బ్లాకును పొడుచుకుని బయటికి వచ్చింది. ఇప్పుడు కోడె పొట్టకు పిడికిలి పట్టేంత బొక్క. అప్పటికప్పుడు ఆపి ఉంటే బేరింగులతో పోయేది.

“నేను వద్దని అన్న విష్ణూ,” అంది రోజా, గిన్నె కింద పెట్టి. “ముల్లు పడిపోయింది. చాలు, ఆపండి అని.”

“ఆపండి అన్నవా?”

రోజా తడబడింది. “చాలు అన్న. ఆపండి అనే లోపట అయిపోయింది.”

“అదే చెప్తున్న. పొద్దుగాల ఇంజన్ లేపేటప్పుడు చాలు చెయ్యండి, చాలు చెయ్యండి అని ఎగిరింది ఎవరు? నువ్వే గద. షెడ్డుల చాలు అంటే ఒక్కటే మాట వదినె. షెడ్డు అంటే అన్నం బంతి కాదు.”

“ఎర్రగీత కింద ముల్లు ఉంటే నడపమని ఎవరన్న అంటరా?”

“తెలిసినోళ్లు అనరు. సాకులు చెప్పకు.”

సాకు! ఈ ఇంట్లో రోజాకు తొలిరోజే తగిలిన దెబ్బ ఆ మాటే. ఆమె పుట్టిల్లు బీదర్ అవతల. తండ్రి చెన్నబసప్పకు ట్రాక్టర్ సామాను దుకాణం. ఇంట్లో అంతా కన్నడమే. పెళ్లయి వచ్చిన రోజు బంతిలో అత్త దేవమ్మ రెండో గరిటె అన్నం వెయ్యబోతే ‘సాకు, సాకు’ అంది రోజా. వాళ్ల భాషలో ఇక వద్దని అర్థం. బంతి అంతా గొల్లుమంది. ‘ఏం సాకు చెప్తవ్ బిడ్డా తినెతందుకు’ అని మేనత్తలు వారం దాకా నవ్వారు. అప్పుడు దేవమ్మే ఆమెను వంటింట్లోకి పిలిచి, గడ్డం పట్టుకుని చెప్పింది, ‘మా దిక్కు చాలు అనాలె బిడ్డా.’ ఆ మాటను రోజా బడిపిల్లలా నేర్చుకుంది. ముచ్చటపడి నేర్చుకున్న మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

“ఏమంటున్నరు?” అంటూ వచ్చింది దేవమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఆమెకు ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోది కూడా మనసైతే వింటుంది, లేకుంటే లేదు.

“నీకెందుకు పోవే,” అన్నాడు రామ్‌కిషన్.

“నాకెందుకని మీరంత మొకాలు గట్ల వెట్టుకుంటిరి?”

విష్ణు లేచి నిలబడ్డాడు.

“ఒక్కటే ముచ్చట బాపూ. వదినె తప్పు ఒప్పుకోవాలె, షెడ్డుల అడుగు పెట్టొద్దు. అట్లయితే అన్నా నేను ఇంకో ఇంజన్ దేవులాడుకుంటం. లేదంటే నేను కారుల కూసోను. అన్నకు నచ్చినోళ్లను కూసోబెట్టుకోని పోటీకి పోనియ్.”

“వెంకటీ, నువ్వేమంటవ్?” అన్నాడు తండ్రి.

వెంకట్ ఏమీ అనలేదు. ఆదివారం నుంచీ అతనిది అదే వరస. తిట్టడు, వెనకేసుకు రాడు. తమ్ముడు మాట్లాడితే తమ్ముడిని చూస్తాడు, భార్య మాట్లాడితే నేలను చూస్తాడు. తిట్టినా బాగుండు అనుకుంది రోజా. తిట్టేవాడు కనీసం ఏమి విన్నాడో చెప్తాడు.

రామ్‌కిషన్ లేచి షెడ్డు తాళంచెవి తీసి దేవుని గూట్లో పెట్టాడు. “పోరు నష్టం, పొందు లాభం. చిరాగ్‌పల్లి పోయి చెరుకు చూసుకోని వస్త. వచ్చేసరికి మీరు మీరు తేల్చుకోండ్రి. అన్నదమ్ములు చెరో దిక్కు అయితే నేను చూడలేను. బిడ్డా రోజా, పెద్ద మనసు చేసుకో.”

పెద్ద మనసు ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్లే చేసుకోవాలని ఏ శాస్త్రంలో ఉందో గానీ, అన్ని ఇళ్లలో అమలవుతూనే ఉంది.

*

పెరట్లో, షెడ్డు గోడ పక్కన, బట్టలు ఆరేస్తోంది రోజా. రేకు తలుపు సందులోంచి కోడె ముఖం కొంచెం కనబడుతోంది. లైట్లు రెండూ ఆమెనే చూస్తున్నట్టు ఉన్నాయి. కిందికి కారిన నూనె మీద చల్లిన పొట్టు నల్లగా తడిసిపోయింది.

ఈ ఇంట్లో ఆమె తెలుగు విని నవ్వనిది ఆ షెడ్డు ఒక్కటే. బీదర్‌లోనూ పానా పానానే, ఇక్కడా పానా పానానే. పదమూడో నంబరు తెమ్మంటే తెచ్చేది. బోల్టు ఎంత బిగించాలో తండ్రి దుకాణంలోనే చేతికి తెలుసు. వెంకట్ ఒకరోజు మీటరు చూపించి, ‘ఈ ముల్లు నీది. ఎర్రగీత దాటి కిందికొస్తే అరువు, నేను ఆపేస్త’ అన్నాడు. పెళ్లిలో పెట్టిన గొలుసుకు కూడా ఆమె అంత మురవలేదు.

ఏమని అరవాలో అతను చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

వెంకట్ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. మూడు రోజులుగా పానా పట్టని చేతులను అంతసేపు ఎందుకు కడుగుతున్నాడో అతనికే తెలియాలి.

“రీ,” అని పిలిచింది. వాళ్ల దిక్కు భార్యలు భర్తలను పిలిచే పిలుపు అది. మొదట్లో ఆ పిలుపుకు అతను సిగ్గుపడి నవ్వేవాడు.

“చెప్పు.”

“మీరు ఏమని విన్నరు?”

“ఇంజన్ చప్పుడుల ఏం వినబడ్తది రోజా?”

“ఏం వినబడకుంటే ఎందుకు తొక్కినరు?”

అతను మగ్గు ముంచాడు, నీళ్లు పొయ్యలేదు. “గదంత ఇప్పుడెందుకు? ఒక్క మాట అను. పొరపాటున నడపమన్న అని అను. ఊకె అను. విష్ణు మొండోడు. వాడు కూసోకుంటే ఇగ కారు లేదు, పోటీ లేదు. రెండేండ్లు మట్టిల పోతయి.”

“నేను అట్ల అనలేదు కదా.”

“అనలేదని నీకు పక్కా ఎరికేనా?”

అదీ ప్రశ్న. రోజా చేతిలో తడిచీర అట్లాగే ఉండిపోయింది. పక్కా ఎరికేనా? ముల్లు గుర్తుంది, అది జారడం గుర్తుంది, గొంతు చించుకుని అరవడం గుర్తుంది. లోపల మనసు కన్నడంలో అరిచింది, నోరు తెలుగులో అరిచింది. మధ్యలో ఏమి జరిగింది? పొద్దుటి నుంచి షెడ్డులో ‘చాలు చెయ్యి’ అని పదిసార్లు అన్న నోరే కదా. భయంలో పాత మాటే జారిందేమో! ఒక మాటను పొద్దస్తమానం తిప్పి తిప్పి చూస్తే అది మాటలాగా ఉండదు, వట్టి చప్పుడు అవుతుంది. ఆమెకు ఇప్పుడు ‘చాలు’ అట్లా అయింది. ఏ భాషదో కూడా తెలియడం లేదు.

“మీరు నన్ను నమ్ముతలేరా?” అంది చివరికి.

“నమ్మక నీ దిక్కు చూస్తున్ననా?” అన్నాడు వెంకట్, చూడకుండానే. తర్వాత దగ్గరికి వచ్చి తడిచెయ్యి ఆమె భుజం మీద వేశాడు. “నిన్ను షెడ్డు నుంచి ఎల్లకాలం దూరం పెడ్తమా? నాలుగు రోజులు పోతే అంత మర్చిపోతరు. నాకోసం అను.”

నాకోసం! ఆ మాటకు ఆమె కరిగిపోయింది. పాపం, రెండేళ్ల కష్టం పొట్ట పగిలి పడి ఉంటే ఆ మనిషి ఎవరిమీదా అరవకుండా ఎంత మింగుకుంటున్నాడో అనుకుంది. తన ఒక్క మాటతో అన్నదమ్ములు కలుస్తారంటే ఆ మాట నిజమైతేనేం, అబద్ధమైతేనేం అనుకుంది. నిజమేదో తనకే తెలియనప్పుడు అబద్ధమాడినట్టు కూడా కాదు కదా!

“సరే,” అంది.

అతను ఊపిరి వదిలాడు. అంత పెద్ద ఊపిరి ఎందుకో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

*

రామ్‌కిషన్ పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. దేవమ్మ అల్లం బుట్ట ముందేసుకుని మట్టి దులుపుతోంది. వెంకట్ గడపకు ఇవతల, విష్ణు అవతల. రోజా వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. చెప్పవలసిన మాటను లోపల పదిసార్లు చదువుకుంది, పొరపాటైంది మామయ్యా, నడపమని నేనే అన్న.

“మామయ్యా…” అని మొదలుపెట్టింది.

“ఆగు వదినె,” అన్నాడు విష్ణు, ఫోను తీసి. “ఊకె మేమంతా కలిసి ఒప్పిచ్చినట్టు వద్దు. రేపు మీ అమ్మ సంగమ్మత్త ఫోన్ చేసి మా పిల్లను బెదిరిచ్చిన్రు అంటది. బాపు గూడ ఒకసారి వినాలె. విన్నంక నువ్వే చెప్పు.”

ఆ వీడియోను ఆదివారం నుంచి అన్నదమ్ములు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. మళ్లీ పెట్టాడు. ఇంజన్ రొద, గాలి, రేకుల అదురు. విష్ణు గొంతే పెద్దగా వినబడింది. ‘ఇంక కొట్టన్నా, ఇంక! భయమా?’ ఆ వెనకే సన్నగా రోజా కేక. ‘చాలు! చాలూ!’ తర్వాత రొద పెరిగి, ఫట్‌మని ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

“విన్నవా బాపూ? రెండోసారి ‘చాలూ’ అని గుంజింది. అంటే నడపమనే గద?”

“గుంజితే ఆపమని గూడ అయితది గదరా,” అన్నాడు రామ్‌కిషన్, తల గోక్కుంటూ. “మల్ల ఒకసారి వెట్టు.”

మళ్లీ పెట్టాడు. ఈసారి రామ్‌కిషన్‌కు నడపమన్నట్టే వినబడింది. మూడోసారి వద్దన్నట్టు వినబడింది. అసలా మాట ‘చాలు’ కాదేమో, ‘కాలు’ ఏమో అన్నాడు. పావుగంటలో ఆ గదిలో ఎవరి చెవిని వాళ్లే నమ్మని పరిస్థితి వచ్చింది. ‘ఇంక కొట్టు’ అన్న గొంతు మాత్రం ఎవరికీ వినబడలేదు. ఇంట్లో తిలా పాపం తలా పిడికెడు పంచుకోవలసి వచ్చినప్పుడు చెవులు కూడా తెలివి నేర్చుకుంటాయి.

“నాకు జూపియ్‌రా,” అంది దేవమ్మ, అల్లం పక్కన పెట్టి.

“నీకు వినరాదు గదమ్మా! చెవిటోని ముందర శంఖం ఊదినట్టు.”

“వినరాకుంటే చూడనీకి కండ్లు లేవా? ఇటియ్.”

విష్ణు విసుక్కుంటూ ఫోను ఆమె ఒళ్లో పెట్టాడు. దేవమ్మ దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. నల్లటి పొగ చిమ్ముతున్న సైలెన్సర్‌ను ఆమె చూడలేదు. అది ఆమెకు కొత్త కాదు. చూపు పైకి, మూలకు పోయింది. అక్కడ తెరిచిన కిటికీలో పెద్దకొడుకు తల. దానికి అవతల, ముందు అద్దంలోంచి, ఇంజన్ మీద చాచిన ఒక చెయ్యి. మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు.

“గా చెయ్యి ఎవరిది?”

“వదినెదే. మీటరు కాడ ఉండె గద.”

“చెయ్యి అడ్డం వెట్టింది,” అంది దేవమ్మ. “అన్నం కాడ వెడ్తది సూడు, గట్లనే. నేను ఇంకింత వేస్తనని కంచం మీద పరుస్తది. అచ్చం గట్లనే.”

చెయ్యి చాచిన సంగతి రోజాకే గుర్తులేదు. తలుపు వదిలి ముందుకు వచ్చి చూసింది. అరచెయ్యి కిందికి, వేళ్లు విప్పి, కదలకుండా. ఆ చెయ్యికి ఏ భాషా లేదు. అంతవరకు రెండుగా చీలి కొట్టుకుంటున్న ఆ మాట ఒక్కసారిగా ఆమె లోపల ఒక్కటైంది. నేను వద్దనే అన్నాను అనుకుంది. ఏడుపు వచ్చింది.

“ఆగుమంటున్నది గద పోరి,” అంది దేవమ్మ. ఆమె వేలు ఇంకా ఆ మూలమీదే ఉంది. “మరి ఎంకటి గా చెయ్యి దిక్కే చూస్తుండు. చెయ్యి లేవంగనే తల దాని దిక్కు తిప్పిండు, సూడు. చూసినంక గూడ ఎందుకు తొక్కిండు?”

చెవిటివాళ్ల మాట ఎప్పుడూ కొంచెం పెద్దగానే ఉంటుంది. వీధి దాకా వినబడింది.

విష్ణు ఫోను లాక్కుని చూశాడు. ముందుకు జరిపి, వెనక్కి జరిపి చూశాడు. తర్వాత అన్న ముఖం చూశాడు. రామ్‌కిషన్ మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించాడు.

ఆదివారం నుంచీ. రోజా మనసులో అదొక్కటే తిరిగింది. ఆదివారం నుంచీ ఇతనికి తెలుసు. పెరట్లో ‘పక్కా ఎరికేనా’ అని అడిగినప్పుడు తెలుసు. భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలుసు. తనేమో అతని మీద జాలిపడింది!

“ఎండ అద్దం మీద కొట్టింది,” అన్నాడు వెంకట్. “పొగ గూడ ఉండె. చెయ్యి ఊపుతుంది అనుకున్న… ఇంక ఇయ్యమని. ఎన్కనుంచి వీడేమో భయమా, భయమా అంటుండె. ఒక్క నిమిషం పట్టుకుంటదిలే అని… నేను ఇంత అయితదని…”

“సాకు,” అంది రోజా.

పెద్దగా అనలేదు. బంతిలో తొలిరోజు అన్నంత మెల్లగా అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఏమన్నది?” అంది దేవమ్మ, కొడుకుల ముఖాలు చూస్తూ.

విష్ణు తల్లి చెవి దగ్గరికి వంగాడు. “సాకు అన్నదమ్మా.”

“ఏ సాకు? వాండ్లదా, మనదా?”

విష్ణు వదిన వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. తేల్చుకోలేక ఫోను జేబులో పెట్టుకున్నాడు.

రోజా దేవుని గూటి దగ్గరికి పోయి, దండం పెట్టుకుని, షెడ్డు తాళంచెవి తీసుకుంది. వెంకట్ లేచి గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

“రోజా, జర ఆగు. నా మాట విను,” అని చెయ్యి చాచాడు. అరచెయ్యి అడ్డంగా, వేళ్లు విప్పి.

ఆమె ఆ చెయ్యి వైపు చూసింది. బాగా చూసింది. చూసి, పక్కనుంచి గడప దాటింది.